తామరకు పడిన సున్నా

ఆ సున్నా ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఎర్ర ఇంకుతో గుండ్రంగా, తీరిగ్గా పెట్టిన సున్నా. జవాబు చదివే ఓపిక లేనివాళ్లకు సున్నాను అంత అందంగా చుట్టే ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం అసలు ఎవరి మీద పడాలో అప్పటికి నాకు తెలియదు.

నేను నాంపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. తెలుగు మీడియం సెక్షన్లు నావే. ఆ శుక్రవారం పొద్దున నా చేతిలో ఉన్నది మా ఫైనలియర్ అమ్మాయి జవాబు పత్రం జిరాక్సు కాపీ. వాళ్లమ్మ నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పూలు అమ్ముతుంది. పాలమూరు నుంచి కూలిపనికని వచ్చి, చివరికి పూలబుట్ట దగ్గర కుదురుకున్న కుటుంబం. ఈ అమ్మాయి కాలేజీకి వచ్చేముందు తల్లి పక్కన కూర్చుని తామర మొగ్గల రేకులు ఒక్కొక్కటే లోపలికి మడిచి వస్తుంది. అలా మడిస్తే పూజకు కొనేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాసింది, సీటు వచ్చింది. కానీ ఆఖరి సెమిస్టరులో నా పేపరే మూడు మార్కులతో తప్పింది. సున్నా పడిన ప్రశ్నకు నాలుగు మార్కులు. అవి వస్తే పాస్, పాసైతే సీటు. సర్టిఫికెట్లు ఇవ్వడానికి మరుసటి శనివారం ఆఖరి రోజు. అంటే ఎనిమిది రోజులు.

ప్రశ్న ఇది: తామర, కలువ ఏ కుటుంబానికి చెందుతాయి, కారణాలు రాయండి. రెండూ నింఫియేసీ అని రాసిన వాళ్లందరికీ నాలుగుకు నాలుగు. మా అమ్మాయి కలువ మాత్రమే నింఫియేసీ అనీ, తామరది నిలంబోనేసీ అనే వేరే కుటుంబమనీ, ఆ సంగతి జన్యువులను పోల్చి తేల్చారనీ రాసింది. పేజీన్నర రాసింది. ప్రతి ముక్కా సరైనదే. నాకెలా తెలుసంటే, ఆ పాఠం చెప్పింది నేనే.

ఆ పాఠం రోజు పూలు తెచ్చింది కూడా తనే. తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చి బల్ల మీద పరిచింది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందా అని అడిగాను. ఎందుకు లేదన్నారు అందరూ. చెరువు ఒకటే, బురద ఒకటే, గుండ్రటి ఆకులు, వరస మీద వరసగా రేకులు. పాతకాలం శాస్త్రవేత్తలూ అలాగే చూసి రెంటినీ ఒక కుటుంబంలో పడేశారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్ల దగ్గర కళ్లూ భూతద్దమూ తప్ప ఇంకేం ఉన్నాయి? ఆ తర్వాతి వాళ్లకు పుప్పొడి చూస్తే అనుమానం వచ్చింది, కాయ చూస్తే వచ్చింది. చివరికి ఆకులో ఎండను తిండిగా మార్చే చోట ఉండే జన్యువును తీసి, దాని అక్షరాలను ఎన్నెన్నో మొక్కల అక్షరాల పక్కన పెట్టి పోల్చారు. కలువ పూలమొక్కల వంశంలో చాలా ముందే విడిపోయిన పాత కొమ్మ అని తేలింది. తామర ఆ కొమ్మ మీద లేనే లేదు. దాని దగ్గరి చుట్టాలు అసలు నీళ్లలోనే లేవు. కాశ్మీరులో పెరిగే చినార్ చెట్టు ఒకటి, మా కాలేజీ గేటు పక్కన దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ సిల్వర్ ఓక్ ఇంకొకటి.

పిల్లలు నవ్వారు. అంత పెద్ద చెట్టుకూ తామరకూ పొత్తు ఎక్కడిదని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. నేను కూడా వాళ్ల భాషలోకే దిగాను. "మీ గల్లీల కిరాయికున్నోళ్లందరిది ఒకటే ఇంటిపేరా? ఒక్క నల్లా నీళ్లు తాగినంత మాత్రాన చుట్టాలైతరా?" అన్నాను. అప్పుడు కాస్త సద్దుమణిగారు. ఈ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తామర కాయ నీళ్లపైనే నిలబడి ఎండుతుందనీ, కలువ కాయ నీళ్లలోకి మునిగిపోతుందనీ, తామరాకు తడవదనీ, కలువాకు తడుస్తుందనీ మెల్లగా చెప్పింది. పూలమ్మేవాళ్లకు శాస్త్రం ముందే తెలుసని కథలు అల్లేవాళ్లంటే నాకు చిరాకు. ఇదే అమ్మాయి తల్లిని అడిగితే తామర, కలువ అక్కాచెల్లెళ్లనే అంటుంది. కళ్లు కొన్నిసార్లు నిజం చెబుతాయి, కొన్నిసార్లు నిలువునా ముంచుతాయి. జిల్లేడు గన్నేరు ఇంట్లో చేరిందన్నా, అంత పెద్ద టేకు చెట్టు తులసి ఇంట్లో చేరిందన్నా మొదట ఎవరు నమ్మారు? అందుకే కదా జన్యువును అడిగేది.

అదే రోజు ఆ అమ్మాయి బల్ల మీద ఒక గైడు కనిపించింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నానంది. ఎర్ర అట్ట మీద పసుపు అక్షరాలు. మా తెలుగు మీడియం పిల్లలకు ఆ గైడే దిక్కు. శాస్త్రంలో కొత్తగా ఏది వచ్చినా ఇంగ్లిషు పుస్తకాల్లోనే దిగుతుంది, మా వాళ్లకు మిగిలేది అట్ట మారిన పాత సరుకు. ఆ మంట నాలో ఎప్పుడూ ఉంటుంది. గైడు లాక్కుని, తెరిచి కూడా చూడకుండా, క్లాసంతా చూస్తుండగా చెత్తబుట్టలో పడేశాను. పరీక్షలో నేను చెప్పిందే రాయమన్నాను. మిగతా వాళ్లు నా పాఠం శ్రద్ధగా విని, ఇంటికెళ్లి గైడు బట్టీపట్టి, నాలుగుకు నాలుగు తెచ్చుకున్నారు. నా మాట విన్న ఒక్క పిల్ల తప్పింది.

ఆ కాగితాలు పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నమే అబిడ్స్‌కు బయల్దేరాను. మా పరీక్షల విభాగం అక్కడొక సందులో, పాత బిల్డింగు రెండో అంతస్తులో ఉంది. ఆటో ఎక్కినా ఆ రద్దీలో అంతసేపే పడుతుంది కాబట్టి నడిచే వెళ్లాను. దారి పొడవునా ఆ విభాగం పెద్దమనిషిని ఏమేం అనాలో నాలో నేనే అనుకుంటూ వెళ్లాను. మొజంజాహీ మార్కెట్ దాటేసరికి నా ఉపన్యాసం సిద్ధమైపోయింది.

పరీక్షల విభాగం చూసే సారు నాకు పాత పరిచయమే. జంతుశాస్త్రం మనిషి, ఎవరితోనూ గొడవ పడడు. అదే నాకు ఇంకా కోపం. చాయ్ తెప్పించాడు, ఫ్యాను నా వైపు తిప్పించాడు, నేను అరిచిందంతా తల ఊపుతూ విన్నాడు. ఆఖరున, రీవాల్యుయేషన్ కూడా అదే జవాబుల కీ చూసి చేస్తారనీ, కీలో నింఫియేసీ అని ఉంటే తానేమీ చేయలేననీ చెప్పాడు. ఆ కీ ఏ పుస్తకం చూసి చేశారో చూపించమన్నాను. ఆయన నిదానంగా సొరుగు లాగి గైడు తీశాడు. అదే ఎర్ర అట్ట, అవే పసుపు అక్షరాలు.

"పిల్లలు దీన్నే చదువుతరు మేడమ్, కీ చేసెటోళ్లు గూడ దీన్నే చూస్తరు. దీంట్ల లేంది నేనెట్ల ఒప్పుకోవాలె?" అని పేజీ తీసి పైకి చదివాడు. "రంగులు వేరైనా, పూచే వేళలు వేరైనా, తామర, కలువ ఒకే ఇంటి ఆడపడుచులు."

ఆయన వాక్యం ముగించకముందే నాకు తెలిసిపోయింది. ఆ వాక్యం నాది. పుస్తకం లాక్కుని చూశాను. పక్కనే తామర బొమ్మ, ఆకు మీద చిన్న కప్ప. ఆ కప్పను గీసింది నేను.

ఇరవై ఏళ్లు దాటిపోయింది. అప్పుడు నేను పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. వేసవి వస్తే కాలేజీకి మేము అక్కర్లేదు. కోఠిలో ఒక ప్రచురణకర్త డిగ్రీ పిల్లల కోసం గైడు రాసిపెట్టమన్నాడు. పేరు వేయనన్నాడు, సరేనన్నాను. ఆ వేసవంతా కూర్చుని రాశాను, బొమ్మలూ నేనే గీశాను. పేరు ఎలాగూ ఉండదు కదా అని ఉక్రోషంతో ఆ ఒక్క బొమ్మలో, సిలబస్‌లో లేని కప్పను కూర్చోబెట్టాను. తర్వాత ఆ పుస్తకాన్ని పూర్తిగా మర్చిపోయాను. అది పేరు మార్చుకుని, అట్టలు మార్చుకుని ఇన్నేళ్లు నడుస్తోందని నాకు తోచనే లేదు.

ఇంతవరకైతే ఎవరైనా క్షమిస్తారు. అసలు సంగతి అది కాదు. ఆ పేజీ రాసే నాటికే తామర కలువకు చుట్టం కాదని నాకు తెలుసు. లైబ్రరీలో ఒక పత్రికలో జన్యువుల సంగతి చదివాను, నోట్సు కూడా రాసుకున్నాను. ఆ మాటే ప్రచురణకర్తతో అంటే, పరీక్షలో ఏది వస్తుందో అది రాయమనీ, పిల్లలను పరేషాన్ చేయొద్దనీ అన్నాడు. నేను అరనిమిషం కూడా వాదించలేదు. ఇంటికెళ్లి ఒకే ఇంటి ఆడపడుచులని రాసేశాను. ఆ పుస్తకం మొత్తంలో నేను కాస్త సొగసుగా రాసిన వాక్యం అదొక్కటే. నాకు తెలిసిన నిజాన్ని కప్పిపెట్టడానికే అంత సొగసు పెట్టాను.

సారు నా మొహం చూసి మంచినీళ్లు తాగమన్నాడు. ఆ పేజీ నేను రాసిందేనని చెప్పాను. హాస్యమనుకుని నవ్వాడు. బల్ల మీద ఉన్న చిత్తుకాగితం తీసుకుని అదే కప్పను మళ్లీ గీసి చూపించాను. నవ్వు ఆపేశాడు.

"అయితే గదే రాసియ్యుండ్రి మేడమ్. ఈ పేజీ నాది, తప్పు, పిల్ల రాసిందే కరెక్టు అని. సంతకంతోని. నేను కమిటీల పెడ్త," అన్నాడు.

ఇక్కడ నేను చేసింది చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా చెప్పాలి. గైడు నేను రాశానన్న ముక్క లేకుండా, ఊరికే సబ్జెక్టు టీచరుగా రాసిస్తే సరిపోతుందా అని అడిగాను. అంతసేపూ అరిచిన గొంతే, పిల్లిలా అయిపోయి అడిగింది. సరిపోదన్నాడు. టీచర్లు వందరకాలుగా అంటారనీ, రాసిన మనిషే తప్పని ఒప్పుకుంటే కీ నిలబడదనీ చెప్పాడు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని రేపు ఎవరైనా అడిగితే జవాబు చూసుకోమని కూడా మంచిమాటగానే హెచ్చరించాడు. క్లాసులో గైడు విసిరేసిన చెయ్యి గుర్తొచ్చింది. పిల్లలకు తెలుస్తుంది, స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుని నవ్వుతారు, ఎవడో ఒకడు ఫిర్యాదు పెడతాడు. రేపు రాసి తెస్తానని కాగితం బ్యాగులో పెట్టుకుని లేచాను.

మర్నాడు వెళ్లలేదు. శనివారమంతా ఉత్తరం రాయడం, చింపడం. ఒక చిత్తులో తప్పు ప్రచురణకర్తదన్నాను. ఇంకొకదానిలో అప్పటి సిలబస్‌దన్నాను. చక్కగా రాయడం నాకు బాగా అలవాటే కదా.

ఆదివారం అబిడ్స్ వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. షాపులన్నీ షట్టర్లు దించుకుని ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలు. ఒకచోట డిగ్రీ గైడ్ల కుప్పలో నావి కనిపించాయి. ఎర్ర అట్టవి, అంతకుముందువి నీలం అట్టవి, ఇంకా పాతవి అట్టే లేనివి. గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి కప్ప పేజీ చూడటం మొదలుపెట్టాను. ప్రతి దానిలోనూ ఆడపడుచుల వాక్యం కింద పెన్సిలు గీత. ఒకదానిలో ఎవరో కప్పకు ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రంగు వేశారు. ఎన్ని బ్యాచులు ఆ గీత గీసి, బట్టీపట్టి, పాసై, కొందరు టీచర్లయి, మళ్లీ అదే చెప్పి ఉంటారో! ఆ కీ చేసిన మనిషి కూడా ఇలాంటి కుప్పలో కొన్న నా పుస్తకం చదివే పాసై ఉండవచ్చు. నేను రెండు రోజులుగా తిడుతున్నది ఆ మనిషిని.

"గిది మస్తు పోతది మేడమ్, మంచి గైడు," అన్నాడు పుస్తకాలాయన. ఆయన మీద అరవబోయి ఊరుకున్నాను. ఆయనేం చేశాడు పాపం.

సోమవారం పొద్దునే ఉత్తరం ఇచ్చాను. నాలుగే వాక్యాలు. ఈ పేజీ రాసింది నేను. రాసేనాటికే ఇది తప్పని నాకు తెలుసు. విద్యార్థిని రాసిన జవాబు సరైనది. ఆమెకు మార్కులు ఇవ్వాలి. సారు చదివి, రెండో వాక్యం తీసేస్తే మంచిదేమో అన్నాడు. ఉండనివ్వమన్నాను.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కమిటీ కూర్చుంది, పైనుంచి ఒక ప్రొఫెసరు అభిప్రాయం తెప్పించుకుంది, నా మాటే సరి అంది. నాలుగు మార్కులూ వచ్చాయి, పాస్ అని కొత్త మెమో వచ్చింది. వాళ్లకు పట్టింది సరిగ్గా వారం రోజులు. అంటే ఆ మెమో మరుసటి సోమవారం చేతికొచ్చింది. ఆఖరి రోజు అంతకుముందు శనివారమే. మెమో తీసుకుని అడ్మిషన్ల కౌంటరు దగ్గరికి నేనే పరుగెత్తాను. సీటు తర్వాతి వాళ్లకు వెళ్లిపోయిందన్నారు. అక్కడ కూడా అరిచాను. కౌంటరులో కూర్చున్న ఆమె నన్ను జాలిగా చూసింది. మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. శుక్రవారం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే సంతకం పెట్టి ఉంటే, ఆ వారం రోజులు పోగా, ఇంకో రోజు మిగిలేది.

ఆ సాయంత్రమే నాంపల్లి స్టేషన్ రోడ్డుకు వెళ్లాను. అమ్మాయి తల్లి పక్కన కూర్చుని తామర రేకులు మడుస్తోంది. తల్లి నాకు స్టూలు వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. గైడు నాదనీ, తప్పని తెలిసే రాశాననీ, ఉత్తరం ఇవ్వడానికి మూడు రోజులు పట్టిందనీ, అందుకే సీటు పోయిందనీ. తల్లికి అందులో ఎంత అర్థమైందో తెలియదు. ఇంకో ఏడాదే కదా, ఏం కాదులే అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మాయి చేతిలోని పువ్వు పూర్తిచేసి తడిగుడ్డ మీద పెట్టింది. అప్పుడు నా వైపు చూసింది.

"మూడు రోజులు దేనికి వట్టింది మేడమ్?"

"భయమైంది బిడ్డా," అన్నాను.

ఆమె పూలబుట్ట వెనక ఉన్న బ్యాగులోంచి ఎర్ర అట్ట గైడు తీసింది. ఒక మూలన చెత్తబుట్టలోని చాయ్ మరక ఎండి ఉంది. ఆ రోజు మేమందరం వెళ్లిపోయాక తీసుకున్నానంది. తన సొంత పుస్తకం కదా మరి.

"దీన్ని మొత్తం చదివిన మేడమ్. మీ పాఠం గూడ చదివిన. పరీక్షల రెండు జవాబులు తెల్సు నాకు. ఏది రాస్తే మార్కులొస్తయో గది గూడ తెల్సు. నాకు గూడ భయమైంది."

తన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని, కోపంతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. ఒకప్పుడు నా ముందుకు వచ్చిన ప్రశ్నే తన ముందుకూ వచ్చింది. నాకు లైబ్రరీ ఉంది, నోట్సు ఉంది, నెత్తి మీద పరీక్ష లేదు. అయినా నేను రాసింది ఆడపడుచుల వాక్యం. తను మూడు గంటల పరీక్షలో, ఎమ్మెస్సీ సీటు పణంగా పెట్టి, పేజీన్నర నిజం రాసింది.

గైడు నా చేతికిచ్చి పెన్ను కూడా ఇచ్చింది. తనకిక అక్కర్లేదనీ, ఆదివారం అబిడ్స్‌లో ఇచ్చేస్తాననీ, ఎవరో ఒకరు కొంటారు కాబట్టి అంతకుముందు ఆ పేజీ సరిచేయమనీ అడిగింది. ఫుట్‌పాత్ అంచున గొంతుక్కూర్చుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. పక్కన తామరది నిలంబోనేసీ అని రాశాను. కప్ప కింద, ఇన్నేళ్లకు మొదటిసారి ఆ పుస్తకంలో నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.

ఆమె తీసుకుని చదివింది. మళ్లీ నా ముందు పెట్టింది.

"తారీఖు గూడ వెయ్యుండ్రి మేడమ్," అంది.

వేశాను.